కుట్టుమిషను దగ్గర అమ్మ.. బిడ్డ ఎవరి ఒడిలో?

* సెలవు ముగిసేది నెలల్లో.. అంగన్‌వాడీ బడి మూడేళ్లకు
* చట్టంలో క్రెష్ ఉన్నా చేరువలో లేక ఉద్యోగం మానేస్తున్న తల్లులు

హిందూపురం: తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, అన్నం డబ్బా సర్దుకుని, ఊరి కూడలిలో కంపెనీ బస్సు కోసం నిలబడే మహిళలు హిందూపురం పరిసర గ్రామాలలో నిత్యం కనిపిస్తారు. బెంగళూరుకు చేరువలో ఉండడం వల్ల ఈ ప్రాంతంలో దుస్తుల తయారీ పరిశ్రమ వేళ్లూనుకుంది. వేరుశనగ వానను నమ్ముకున్న పంట. ఏటా చేతికి వస్తుందన్న భరోసా లేదు. నెల తిరిగేసరికి ఇంటికి చేరే నికరమైన రాబడి గార్మెంట్స్ జీతమే అయిన కుటుంబాలు ఎన్నో. అయితే కాన్పు అయిన తరువాత ఆ బస్సును మళ్లీ ఎక్కగలగడం తల్లి నేర్పు మీద గాక, ఇంట్లో బిడ్డను చూసే మనిషి ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది.

ఎక్కడ తెగుతోంది?

ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికురాలికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు వేతనంతో సహా లభిస్తుంది. 2017కు ముందు ఇది 12 వారాలే. ఇందులో గరిష్ఠంగా 8 వారాలను కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నిలబడి చేసే చెకింగ్, ఇస్త్రీ పనుల్లో ఉన్నవారికి ముందుగా సెలవు పెట్టక తప్పదు. అలా పెడితే కాన్పు తరువాత మిగిలేది 18 వారాలు. అంటే బిడ్డకు నాలుగు నెలలు నిండగానే తల్లి మిషను ముందుకు రావలసి ఉంటుంది. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే పట్టాలని వైద్యులు చెబుతున్నది ఒకవైపు, ఈ లెక్క మరొకవైపు. మూడో కాన్పుకైతే మొత్తం సెలవే 12 వారాలు.

ఇక అంగన్‌వాడీ కేంద్రంలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన వారికే. అంతకన్నా చిన్నవారికి పౌష్టికాహారం ఇంటికి ఇచ్చి పంపుతారు తప్ప పగలంతా కేంద్రంలో ఉంచుకోరు. కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకం కింద నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను చేర్చుకుంటాయి. ఇవి పనిచేసేది రోజుకు ఏడున్నర గంటలు. కార్మికురాలికి 8 గంటల పని, అరగంట భోజన విరామం, రానుపోను గంట చొప్పున ప్రయాణం కలిపితే పదిన్నర గంటలు అవుతుంది. మిగిలిన మూడు గంటలు బిడ్డ ఎవరి వద్ద ఉండాలన్న ప్రశ్నకు ఏ పథకమూ బదులివ్వడం లేదు.

చట్టం ఏమంటోంది?

ఫ్యాక్టరీలో శిశు సంరక్షణ గది ఉండాలన్న నిబంధన కొత్తదేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 48వ సెక్షను, 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టం కూడా 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకు క్రెష్‌ను తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు ఈ రెండు చట్టాల స్థానాన్ని ఆక్రమించాయి. సామాజిక భద్రతా స్మృతి 67వ సెక్షను ప్రకారం తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ వద్దకు వెళ్లి రావచ్చు. విశ్రాంతి విరామాలు కూడా ఆ నాలుగింటిలోకే వస్తాయి.

కాగితం మీద ఇది మేలైన హక్కే. గార్మెంట్స్‌లో పని లైనుగా సాగుతుంది. ఒకరు కాలరు కుడితే, మరొకరు చేతులు అతుకుతారు, ఇంకొకరు గుండీల కాజాలు వేస్తారు. నడుమ ఒక మిషను ఆగితే వెనుక కట్టలు పేరుకుపోతాయి, ముందున్నవారు ఖాళీగా కూర్చుంటారు. గంటగంటకూ టార్గెట్ లెక్క కట్టే సూపర్‌వైజరు ఎదుట లేచి వెళ్లడానికి ఎంత ధైర్యం కావాలో ఆ లైనులో కూర్చున్నవారికే తెలుసు. తల్లి స్థానంలో కూర్చునే అదనపు టైలరును ఉంచనంత వరకు నాలుగుసార్ల హక్కు వాడుకలోకి రావడం కష్టం.

మరో చిక్కు దూరానిది. క్రెష్ ఫ్యాక్టరీలో ఉంటుంది, బిడ్డ పల్లెలో ఉంటుంది. నిలబడడానికే చోటు లేని బస్సులో, ఎండలో చలిలో, గంటసేపు చంటిబిడ్డను తీసుకురావడానికి ఏ తల్లికీ మనసొప్పదు. పిల్లలు రాకపోవడంతో గది ఖాళీగా ఉంటుంది. గది ఖాళీగా ఉందంటే తల్లులకు అవసరం లేదని అర్థం చేసుకోవడం పొరపాటు.

అవ్వ కూలీ పోయినా..

చివరికి భారం ఇంట్లోని అవ్వ మీద పడుతోంది. ఆమె కూడా కూలికి పోయే మనిషే అయితే కోడలి జీతం కోసం తన కూలీ వదులుకుంటుంది. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. అవ్వ లేని ఇంట పెద్దకూతురు బడి మానవలసి వస్తుంది. బెంగళూరుకు వలస వెళ్లి ఒంటిగది ఇళ్లలో ఉంటున్న దంపతులైతే బిడ్డను ఊరిలో వదిలి, పండుగలకు వచ్చి చూసుకుని వెళుతున్నారు.

ఏ దారీ లేనివారు ఉద్యోగం మానేస్తున్నారు. దాంతో పోయేది నెల జీతం ఒక్కటే కాదు. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. నాలుగేళ్లు పనిచేసి బిడ్డ కోసం మానేసి, తరువాత మరో ఫ్యాక్టరీలో చేరితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఈఎస్‌ఐ ప్రసూతి ప్రయోజనానికి సైతం అంతకుముందు రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా ఉండాలి. నడుమ విరామం వచ్చినవారు తదుపరి కాన్పుకు ఆ అర్హతను కోల్పోయే ప్రమాదం ఉంది.

ఉమ్మడి క్రెష్‌కు అవకాశం

క్రెష్‌ను ఫ్యాక్టరీ గోడల మధ్యే పెట్టాలని కొత్త స్మృతులు పట్టుబట్టడం లేదు. పలు సంస్థలు కలిసి ఖర్చు పంచుకుని ఉమ్మడి కేంద్రం నడపవచ్చు. ప్రభుత్వ, పురపాలక, స్వచ్ఛంద సంస్థల కేంద్రాలను సైతం వినియోగించుకోవచ్చు. వృత్తి భద్రతా స్మృతి ఉద్యోగుల పిల్లలు అంటోంది గనుక తండ్రులకూ ఇది వర్తిస్తుంది. హిందూపురం వంటి చోట్ల, అచ్యుతాపురం వంటి ప్రత్యేక ఆర్థిక మండళ్లలో బస్సులు ఆగే పెద్ద గ్రామాల్లోనే ఇటువంటి కేంద్రాలను షిఫ్టు వేళలకు అనుగుణంగా నడిపితే, తల్లి బిడ్డను అప్పగించి అక్కడే బస్సు ఎక్కవచ్చు. అయితే పాలిచ్చే తల్లికి పగటిపూట బిడ్డ అందదు గనుక, ఏడాదిలోపు పిల్లలకు ఫ్యాక్టరీ వద్ద గది ఉండవలసిందే.

క్రెష్ లేకపోయినా, బిడ్డ వద్దకు వెళ్లనీయకపోయినా కార్మికులు కార్మిక శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. చేరిన తేదీ తెలిపే నియామక పత్రం, జీతం చీటీలు, ఈఎస్‌ఐ కార్డు నకళ్లు దగ్గర ఉంచుకోవడం మంచిది.