రెడ్ హిల్ ఇంధన కాలుష్యం

హవాయి దీవుల్లోని ఓహు ద్వీపంలో, హొనలూలూ దగ్గర అమెరికా నౌకాదళపు భూగర్భ ఇంధన నిల్వ కేంద్రం నుంచి జరిగిన లీకులు, వాటిపై జరిగిన దర్యాప్తు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొండను తొలిచి కట్టిన 20 ట్యాంకుల్లో ఒక్కోదానిలో సుమారు 1.25 కోట్ల గ్యాలన్ల ఇంధనం పట్టేది. ద్వీపానికి తాగునీరిచ్చే భూగర్భ జలపొర వాటి అడుగుకు 100 అడుగుల కిందే ఉంది. 2014లో 5వ ట్యాంకు నుంచి సుమారు 27,000 గ్యాలన్ల ఇంధనం కారింది.

2021 మే 6న పైపు పగిలి ఒలికిన ఇంధనంలో చాలా భాగం అగ్నిమాపక వ్యవస్థ మురుగు పైపులోకి చేరి, నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. ట్యాంకు మట్టాల లెక్కలో సుమారు 20,000 గ్యాలన్ల తేడా కనిపించినా ఎవరూ ఆరా తీయలేదు. ఇలాంటి దర్యాప్తుల్లో మట్టిని తవ్వడానికి ముందు తిరగేయాల్సినవి నిల్వ పుస్తకాలే. నవంబరు 20న సొరంగంలోని బండి తగిలి ఆ మురుగు పైపు విరగడంతో ఇంధనం నౌకాదళపు బావికి చేరింది. దాదాపు 93,000 మందికి నీరందించే వ్యవస్థ కలుషితమైంది. కుళాయి నీటి వాసనే చాలామందికి తొలి హెచ్చరిక.

కాలుష్యం ఎటు పారిందో పరిశీలన బావుల నమూనాలతో అంచనా వేస్తారు. పగుళ్లు నిండిన లావా రాతిలో అదంత తేలిక కాదు. నౌకాదళం రూపొందించిన నీటి ప్రవాహ మోడల్‌ను రాష్ట్ర ఆరోగ్యశాఖ 2022లో తిరస్కరించింది. అదే ఏడాది మార్చిలో రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ కేంద్రం మూసివేతకు ఆదేశించారు.