పేరు వెనుక సంఖ్య

పాఠశాల కార్యాలయమున కంప్యూటరు తెరపై ఒక ఫారము కనబడును. అందొక గడిని నొక్కగానే విద్యార్థుల పేర్ల జాబితా క్రిందికి జారును. ఒక పేరును ఎన్నుకొనిన తోడనే ఆ విద్యార్థి తరగతి, పుట్టిన తేదీ, మార్కులు తక్కిన గడులలో నిండును. ఈ సులువు వెనుక పెద్ద చరిత్ర కలదు.

1890 అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హోలరిత్ మనిషి కొక కార్డు చొప్పున వివరములను రంధ్రములుగా పొడిపించెను. కార్డును యంత్రమున నుంచగానే రంధ్రముల గుండ విద్యుత్తు ప్రవహించి లెక్క నమోదయ్యెడిది. తగిన అర మూత తెరచుకొనెడిది. కార్డును అందులో వేసెడివారు.

1960 దశకమున వివరములు అయస్కాంత డిస్కులపైకి చేరినవి. ఒక నమోదు నుండి దానికి సంబంధించిన మరియొక నమోదునకు పోవలెనన్న, దాని స్థానమును తెలుపు గురుతును వెంబడింపవలసి యుండెను. చార్లెస్ బాక్‌మన్ ఈ పద్ధతిలో అగ్రగణ్యుడు. అయితే డిస్కుపై అమరిక మారినచో, దానిని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు చెడిపోవు ప్రమాదముండెను.

1970లో కాలిఫోర్నియాలోని ఐ.బి.ఎం. పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ వేరొక త్రోవ చూపెను. వివరములన్నియు పట్టికలుగా నుండవలెను. ప్రతి వరుసకును, విద్యార్థి ప్రవేశసంఖ్య వలె, మరి దేనికిని లేని గుర్తుండవలెను. మార్కుల పట్టికలోను అదే సంఖ్య యున్నచో రెండు పట్టికలును కలియును. వివరము డిస్కుపై ఎచ్చట నున్నదో ఎవరికిని తెలియనక్కరలేదు.

1992లో వెలువడిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి సాధనములు ఈ భావమును గుమాస్తా బల్లపైకి తెచ్చినవి. జాబితాలో కంటికి కనబడునది పేరు. యంత్రము గైకొనునది సంఖ్య. తరగతిలో ఇద్దరు సీతలున్నను వారి మార్కులను కలిసిపోకుండ కాపాడునది ఆ సంఖ్యయే. కాని ఎన్నుకొనునది మనిషి. కావున జాబితాలో పేరు ప్రక్కనే ప్రవేశసంఖ్యయు చూపుట మేలు.