గెట్ ఆన్ అప్

సోల్, ఫంక్ సంగీతాల దిగ్గజం జేమ్స్ బ్రౌన్ (1933–2006) జీవితం ఆధారంగా వచ్చిన అమెరికన్ చిత్రం. 2014 ఆగస్టు 1న విడుదలైంది. దర్శకుడు టేట్ టేలర్. నిర్మాతల్లో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఒకరు.

కథ వరుసగా నడవదు. 1988 నాటి తుపాకీ గొడవ నుంచి వియత్నాం యుద్ధభూమికి, అక్కడి నుంచి జార్జియా అడవిలోని పేద గుడిసెకు దూకుతుంది. ఉరితీయబడిన నల్లజాతీయుడి కాళ్ల నుంచి పసివాడైన జేమ్స్ బూట్లు విప్పుకునే దృశ్యం ఆ బాల్యం ఎంత భయంకరమో ఒక్క మాట లేకుండా చెబుతుంది.

బ్రౌన్ పాత్రకు ప్రాణం పోసింది చాడ్విక్ బోస్‌మన్. పాటలకు ఎక్కువగా బ్రౌన్ అసలు రికార్డింగులనే వాడారు; నృత్యం మాత్రం బోస్‌మన్‌దే. జారే ఆ అడుగులు, మోకాళ్ల మీద కూలబడి లేవడం, ఆ బొంగురు మాట చూస్తే అనుకరణ అనిపించదు. మిత్రుడు బాబీ బర్డ్‌గా నెల్సన్ ఎల్లిస్, తల్లిగా వయోలా డేవిస్ దీటుగా నిలిచారు.

భార్యలను బ్రౌన్ కొట్టిన చరిత్రను మాత్రం చిత్రం పైపైనే తడిమి వదిలేసింది. అది పెద్ద లోపమే.

సుమారు 3 కోట్ల డాలర్ల ఖర్చుకు దాదాపు అంతే వసూలైంది. బోస్‌మన్ 2020లో క్యాన్సర్‌తో మరణించాడు. ‘బ్లాక్ పాంథర్’ సినిమా హీరోగానే అతణ్ని ఎరిగినవారు తప్పక చూడాల్సిన చిత్రమిది.