మూడు కాళ్ళ కుందేళ్ళు

ఒరే గుంటడా, ఆ తేగని ఇంకాస్త కాలనియ్యి. పచ్చిది తిని రేపు కడుపునొప్పన్నావంటే మీ అమ్మ నన్ను తిడుతుంది. ఏటడిగేవు? హాకీలో అందరికంటే గొప్ప ఫార్వర్డ్ ఎవరనా? నీ ఫోన్నడిగితే ఒక్క క్షణంలో చెప్పేసును. నన్నడిగేవు కాబట్టి ఈ నెగడు ఆరేదాకా కూర్చోవాలి.

మా తాత లెక్కలో ధ్యాన్‌చంద్ తర్వాత హాకీయే లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 14 గోల్సు కొట్టేడాయన. 1932లో అమెరికా మీద మనవాళ్ళు 24-1తో గెలిస్తే తమ్ముడు రూప్‌సింగ్‌వి పది, అన్నగారివి ఎనిమిది. "బంతికి జిగురెట్టి కర్రకి అంటించినట్టుండీదిరా" అనీవోడు తాత, పక్కన నిలబడి చూసినట్టు. ఆయన జన్మలో సింహాచలం దాటలేదు. ఆమ్‌స్టర్‌డామ్ ఎప్పుడెళ్ళొచ్చేడో మరి!

1936 ఆగస్టు 15న బెర్లిన్లో జర్మనీని 8-1తో ఓడించింది ధ్యాన్‌చంద్ జట్టే. అదే వేసవిలో మన విజయనగరం కోట రాజకుమారుడు విజ్జీ క్రికెట్ కెప్టెనై ఇంగ్లండెళ్ళేరు. మూడు టెస్టుల్లోనూ కలిపి ఆయన చేసిన పరుగులు 33. ఊళ్ళో ఆ సంగతెత్తితే తాత గొంతు తగ్గించి అటూ ఇటూ చూసీవోడు, కోటగోడలకి చెవులున్నట్టు. సరే, రాజుల మాట మనకెందుకు గానీ...

మా నాన్నది బల్బీర్‌సింగ్ పార్టీ. 1952 హెల్సింకీ ఫైనల్లో హాలండ్ మీద ఆరు గోల్సయితే అయిదు ఆయనవే. తాతకి బంతిని నలుగురి మధ్యనుంచి తప్పించుకుపోవడం ఆట. నాన్నకి బంతి దొరకగానే గోల్లోకి కొట్టడం ఆట. పొద్దున్నే చోడంబలి తాగుతూ మొదలెడితే పొలం గట్టుదాకా అదే గొడవ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు ఇద్దరూ ఇద్దరే. చిత్రమేటంటే, ఇద్దర్లో ఒక్కడూ ఒక్క ఆటా చూడలేదు!

నన్ను చూసి నవ్వకు. నాదీ అదే కథ. 1975 మార్చి 15, కౌలాలంపూర్లో ప్రపంచకప్ ఫైనల్, పాకిస్తాన్‌తో. మా వీధి చివర టీకొట్లో రేడియో ఉండేది. దానికి అప్పట్లో ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సొచ్చేది కదా, కొట్టాయన దానికి కుట్టుపూల గుడ్డ ముసుగేసి పెళ్ళికూతుర్లా చూసుకునీవోడు. టీ పదిహేను పైసలు. పెద్దలు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగీవోరు, మేం గుంటలం గుమ్మం బయటే. కామెంటరీ హిందీలో వస్తే మాకేం తెలుస్తుంది? ఖరగ్‌పూర్లో పనిచేసొచ్చిన రైల్వే గార్డుగారే మాకు దుబాసీ.

ముందు పాకిస్తాన్ కొట్టింది. సుర్జీత్ సమం చేసేడు. తర్వాత అశోక్‌కుమార్ కొట్టిన బంతి గోలు మూల తగిలి మళ్ళీ బయటికొచ్చేసింది. "గోలు!" అన్నారు గార్డుగారు. అంతలోనే "కాదంటున్నార్రా" అన్నారు. పాకిస్తాన్‌వాళ్ళు ఒప్పుకోలేదు. మలేసియా అంపైర్ విజయనాథన్ గోలే అనేశాడు. 2-1! గార్డుగారి చేతిలో గ్లాసు జారి పగిలిపోయింది. కొట్టాయన ఆ సంబరంలోనూ గ్లాసు డబ్బులు మర్చిపోలేదు. ఈ అశోక్ ఎవరనుకున్నావ్? ధ్యాన్‌చంద్ కొడుకే. పులి కడుపున పులే పుడుతుందని తాత ఆ రాత్రి నాకు బెల్లంముక్క పెట్టేడు, గోలు నేను కొట్టినట్టు.

ఆ మరుసటేడే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పచ్చగడ్డి పోయి ప్లాస్టిక్ గడ్డొచ్చింది. మనకి ఏడో స్థానం. ఆడలేక మద్దెల ఓడని నవ్వేరు కొందరు గానీ, నాకది పూర్తిగా న్యాయమనిపించలేదు. ఎగుడుదిగుడు నేలమీద బంతిని మణికట్టుతో మచ్చిక చేసుకోవాలి. ఈ గడ్డిమీద బంతి జారిపోతుంది, వెంటపడ్డానికి కాళ్ళుండాలి. పైగా ధ్యాన్‌చంద్ కాలంలో ఆఫ్‌సైడ్ ఉండేది. గోలు దగ్గర ముందే కాపు కాస్తే కుదిరీది కాదు. దాన్ని 1990ల చివర్లో ఎత్తేసేరు.

ఆ కాలంలో ఆడినవాళ్ళు మన హైదరాబాద్ ముకేష్‌కుమార్, జుట్టెగరేసుకుంటూ పరిగెట్టే ధన్‌రాజ్ పిళ్ళై. ముకేష్ మూడు ఒలింపిక్స్, ధన్‌రాజ్ నాలుగు. ఇద్దరూ 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల బంగారం తెచ్చేరు. నా కళ్ళతో చూసింది వీళ్ళనే, అదీ టీవీలో. మరి గొప్పోడెవరంటే, ఒట్టు, అశోక్ పేరే నోటికొస్తుంది. బంతి లోపలికెళ్ళిందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు గానీ...

అయ్యో, తేగ మాడిపోయింది చూడు!