పాత కారుకు కొత్త బ్యాటరీ: కొనేముందు ఏమేం చూడాలి?

జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలా ఉన్నాయి. టాటా కర్మాగారాల్లో పని కోసం వెళ్లిన వారి పిల్లలు, మనవలు ఇప్పుడక్కడ ఉంటున్నారు. సంక్రాంతికి శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లి మూడు నాలుగు వారాలకు టెల్కో కాలనీకి తిరిగొస్తే, ఇంటి ముందున్న పాత కారు ఒక్కోసారి మొరాయిస్తుంది. తాళం తిప్పితే 'టక్ టక్' అంటుందే తప్ప ఇంజిన్ కదలదు.

వెంటనే మెకానిక్ చెప్పే మాట 'బ్యాటరీ పోయింది, మార్చేయండి' అని. అది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. తొందరపడి కొంటే వేల రూపాయలు పోవడమే కాదు, అసలు లోపం కారులోనే ఉండిపోతుంది. అప్పుడు కొత్త బ్యాటరీ కూడా ఏ అర్ధరాత్రో ఆసుపత్రికి బయల్దేరినప్పుడు చేతులెత్తేస్తుంది.

బ్యాటరీ నిజంగా పాడైందా?

కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది దాదాపు 2.1 వోల్టులు ఇస్తుంది. అందుకే '12 వోల్టుల బ్యాటరీ' పూర్తి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు 12.6 లేదా 12.7 వోల్టులు చూపిస్తుంది. కారు ఆపిన కొన్ని గంటల తర్వాత మల్టీమీటర్‌తో కొలవాలి. 12.4 వోల్టులుంటే దాదాపు 75 శాతం, 12.2 ఉంటే సగం ఛార్జింగ్ ఉన్నట్టు. 12 కంటే దిగువకు వస్తే దాదాపు ఖాళీ అయినట్టే.

ఖాళీ కావడం వేరు, పాడైపోవడం వేరు. ముందు ఛార్జర్ పెట్టి పూర్తిగా నింపించాలి. తర్వాత సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్ చూడాలి. 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలం తగ్గిందని అనుమానించాలి. దుకాణంలో లోడ్ టెస్టర్‌తో పరీక్షిస్తే ఈ విషయం నిర్ధారణ అవుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 13 కూడా రాకపోతే ఆల్టర్నేటర్, దాని బెల్టు, రెగ్యులేటర్ చూపించాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టు. అలాంటి కారులో కొత్త బ్యాటరీ పెట్టినా నీళ్లు మరిగి ఆవిరై త్వరగా పాడవుతుంది.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి కూడా కరెంటును అడ్డుకుంటుంది. వేడినీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో కడిగి, ఆరాక వాజెలీన్ రాస్తే చాలు. కొన్ని 'పోయిన' బ్యాటరీలు ఇంతమాత్రానికే బాగవుతాయి.

కారు నిలిపి ఉంచితే ఏమవుతుంది?

పాత కార్లకు తర్వాత బిగించిన సెంట్రల్ లాకింగ్, అలారం, మ్యూజిక్ సిస్టమ్ కారు ఆపినా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. ఆ వాడకం 50 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్స్ (ఏహెచ్) పోతాయి. 35 ఏహెచ్ బ్యాటరీ నెలలో ఖాళీ అవుతుంది. రెండు వారాలకే సగమైపోతుంది. 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగుతుంటే ఎలక్ట్రీషియన్‌తో వెతికించాల్సిందే.

ఖాళీగా ఉన్న బ్యాటరీలో పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే తిరిగి ఛార్జింగ్ పట్టదు. నెల రోజులు ఊరెళ్లేవారు నెగెటివ్ కేబుల్ విప్పి వెళ్తే ఈ సమస్య చాలావరకు తప్పుతుంది.

జంషెడ్‌పూర్ వాతావరణం కూడా ఇందులో పాత్రధారే. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క. వేసవిలో జరిగిన నష్టం జనవరి చలిలో బయటపడుతుంది. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు భారం పెరుగుతుంది. అందుకే సంక్రాంతి తర్వాత ఫిర్యాదు చేసినా, అసలు దెబ్బ మే నెలలో తగిలి ఉండొచ్చు.

ఏ సైజు కొనాలి?

కారు మాన్యువల్‌లో రాసిన సైజే మొదటి ప్రమాణం. చిన్న పెట్రోల్ కార్లకు సాధారణంగా 35 ఏహెచ్ సరిపోతుంది. డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, గ్లో ప్లగ్‌లు కూడా కరెంటు తీసుకుంటాయి. అందుకే డీజిల్ ఇండికాకు, పెట్రోల్ ఆల్టోకు ఒకే బ్యాటరీ పనికిరాదు.

బ్యాటరీ మీద '38బీ20ఎల్' లాంటి కోడ్ ఉంటుంది. ఇది జపాన్ పద్ధతి. మొదటి అంకె సామర్థ్యపు స్థాయిని, 'బీ' వెడల్పు, ఎత్తుల తరగతిని, '20' పొడవును సెంటీమీటర్లలో సుమారుగా చెబుతాయి. చివరి 'ఎల్' లేదా 'ఆర్' టెర్మినళ్లు ఏ వైపున్నాయో తెలుపుతుంది. ఇది తారుమారైతే కేబుల్ అందదు. లాగి బిగిస్తే పొరపాటున ప్లస్, మైనస్ మారిపోయే ప్రమాదం ఉంది. ఈ రకంలో కొన్నింటికి సన్నని టెర్మినళ్లు, కొన్నింటికి లావువి ఉంటాయి. పాత బ్యాటరీని ఫోన్‌లో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లడం మంచిది.

కొంచెం ఎక్కువ ఏహెచ్ ఉన్నది పెడితే ఆల్టర్నేటర్ కాలిపోతుందన్నది అపోహ. కానీ ట్రేలో పట్టకపోయినా, క్లాంపు బిగియకపోయినా ఇబ్బందే. గతుకుల రోడ్డులో ఊగే బ్యాటరీలో పలకల మీది పూత రాలిపోతుంది. ఎత్తు ఎక్కువైతే టెర్మినల్ బానెట్‌కు తగిలి షార్ట్ సర్క్యూట్ కావచ్చు. టాటా నానోలో బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది కాబట్టి అక్కడ కొలత మరింత ముఖ్యం.

ఏ రకం మేలు?

ఇప్పుడు ఎక్కువగా దొరికేవి నీళ్లు పోయనక్కర్లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలు. రోజూ తిరిగే, ఛార్జింగ్ 14 వోల్టులకు పైగా వచ్చే కారుకు ఇవి బాగుంటాయి. చాలా పాత కార్లలో రెగ్యులేటర్ 13.8 దగ్గరే ఆగిపోతే ఇవి పూర్తిగా నిండకపోవచ్చు. అలాంటప్పుడు మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే రకమే నయం. వేసవిలో నెలకోసారి మట్టం చూసుకునే ఓపిక మాత్రం ఉండాలి. కుళాయి నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే కొత్త కార్ల కోసం ఏజీఎం, ఈఎఫ్‌బీ రకాలు వచ్చాయి. ఆ సౌకర్యం లేని పాత కారుకు వాటి మీద అదనపు ఖర్చు అనవసరం.

బ్రాండ్ విషయానికొస్తే, కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఎక్సైడ్, తిరుపతి దగ్గర పుట్టిన అమర రాజా వారి అమరాన్ దేశమంతటా దొరుకుతాయి. పేరుకంటే తయారీ తేదీ ముఖ్యం. దుకాణంలో నెలల తరబడి కూర్చున్న బ్యాటరీ వాడకుండానే బలహీనపడుతుంది. బ్యాటరీ మీది కోడ్‌ను చదివి చెప్పమని అడగాలి. మూడు నెలల లోపుది అయితే మంచిది, ఆరు నెలలు దాటితే వద్దనాలి.

వారంటీని ఎలా చదవాలి?

'60 నెలల వారంటీ' అంటే అయిదేళ్ల దాకా ఉచితంగా మారుస్తారని కాదు. అది 30+30 అయితే మొదటి 30 నెలలే ఉచితం. మిగతా కాలంలో కొత్త బ్యాటరీ ధరపై కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. బిల్లు, తేదీ, దుకాణం ముద్ర ఉన్న వారంటీ కార్డు దాచుకోవాలి.

కారు వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఏడాదిలో అమ్మేయాలనుకున్న కారుకు పెద్ద వారంటీ కోసం ఎక్కువ పెట్టడం దండగ. పొడిగించుకుని వాడుకునేవారికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది.

పాతదాన్ని ఏం చేయాలి?

పాత బ్యాటరీ ఇస్తే దుకాణదారు కొత్తదాని ధరలో తగ్గిస్తారు. ఆ మొత్తం ఎంతో ముందే అడిగి బిల్లులో రాయించుకోవాలి. వీధిలో తిరిగే పాత సామాన్ల వ్యాపారి వంద రూపాయలు ఎక్కువిస్తానన్నా ఆశపడొద్దు. ఇళ్ల మధ్య బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ, దుమ్ము ముందుగా దెబ్బతీసేది పిల్లల మెదడునే. బ్యాటరీ వ్యర్థాలపై కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులదే. దుకాణంలో అప్పగిస్తే ఆ దారిలోకి వెళ్తుంది.

సొంతంగా మార్చుకునేవారు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్ అని గుర్తుంచుకోవాలి. బ్యాటరీ నుంచి మండే స్వభావమున్న హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో బీడీ, సిగరెట్, నిప్పురవ్వ ఉండకూడదు.