పతకం అంచున తాత పేరు

సెయింట్ లూయిస్ నగరానికి ఎదురుగా, మిసిసిపీ నదికి ఇవతల, ఇల్లినాయ్ రాష్ట్రంలో గ్రానైట్ సిటీ అని ఉక్కు కర్మాగారాల ఊరు ఒకటుంది. 1900 తర్వాత వేలాది మంది బల్గేరియా వాళ్ళు అక్కడికి కూలిపనికి వచ్చారు. ఎక్కువమంది భార్యాపిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళే. ఇరుకు గదుల్లో ఉంటూ ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. మన కథలాగే ఉంది కదా! 1907లో మాంద్యం వచ్చి పనులు పోయాయి. 1912లో టర్కీతో బాల్కన్ యుద్ధం మొదలవగానే అమెరికా నుంచి చాలామంది పోరాడటానికి వెళ్ళారు. కొందరు మళ్ళీ ఇక్కడికే వచ్చారు.

1933లో బల్గేరియా రాజు మూడవ బోరిస్, యుద్ధాల్లో పాల్గొన్నవాళ్ళకి స్మారక పతకాలు ఏర్పాటు చేశాడు. 1912-1913 యుద్ధాలకి ఒకటి, 1915-1918 యుద్ధానికి ఇంకొకటి. అలాంటి పతకం వారసత్వంగా వస్తే, అక్షరాలు చూసి రష్యాది అనుకుంటారు. సింహం బొమ్మ బల్గేరియా గుర్తు. సంవత్సరాలు చూస్తే ఏ యుద్ధమో తెలుస్తుంది. కానీ ఎవరిదో తెలియదు. మామూలుగా వాటి మీద సైనికుడి పేరు ఉండదు.

అప్పుడు కాగితాలు వెతకాలి. 1917 జూన్ 5న అమెరికాలో 21 నుంచి 30 ఏళ్ళ మగవాళ్ళందరూ సైన్యం కోసం పేర్లు నమోదు చేయించుకున్నారు. పౌరసత్వం లేనివాళ్ళు కూడా. ఆ కార్డులో పుట్టిన ఊరు, చేసే పని, యజమాని ఎవరు, ఇంతకుముందు ఏ దేశం సైన్యంలో ఎన్నేళ్ళు చేశారు అని అడిగారు. పతకం చెప్పనిది కూలి కార్డు చెబుతుంది.

మన ఇళ్ళలో సంగతి వేరు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి ఎంతోమంది సైన్యంలో చేరారు. అందుకే అది మిలిటరీ మాధవరం అయింది. మొదటి ప్రపంచ యుద్ధానికి బ్రిటిష్ వాళ్ళు ఇచ్చిన వార్ మెడల్‌కి ఒకవైపు ఐదవ జార్జి తల, రెండో వైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు ఉంటాయి. సైనికులకి వెండిది. రోడ్లు వేసి, బరువులు మోసిన కూలి దళాల వాళ్ళకి కంచుది. కంచుది కనబడితే చిన్నచూపు చూడొద్దు, అది మనలాంటి పనివాడిది. దాని అంచు మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి.

వెండి కదా అని కంసాలికి ఇచ్చి కరిగిస్తే ఆ పేరు కూడా కరిగిపోతుంది. చింతపండు పెట్టి రుద్దినా అక్షరాలు అరిగిపోతాయి. ఈసారి సెలవు మీద ఊరెళ్ళినప్పుడు పాత ట్రంకుపెట్టె తీయించండి. భూతద్దంతో అంచు చూడండి, ఫొటో తీయండి. నాయనమ్మనో పెదనాన్ననో కూర్చోబెట్టి అడిగి రాసుకోండి.

మనం కట్టే భవనాల మీద మన పేర్లు ఉండవు. జీతం చీటీలు, పాత పాస్‌పోర్టులు, కంపెనీ గుర్తింపు కార్డులు పారేయకుండా ఒక కవర్లో పెట్టి, మీద ఊరు పేరు, సంవత్సరం రాయండి. రేపు మన మనవలు వెతికేది వాటినే.