ఉప్పునీటి తొట్లలో గాజు అనిమోన్ బెడద – గుర్తింపు, నివారణ

పెరటి షెడ్లలో తొట్లు కట్టుకుని క్లౌన్ చేపలు (నారింజ రంగుపై తెల్ల పట్టీలు ఉండే అలంకార చేపలు) పెంచే చిన్న రైతులకు తరచూ ఎదురయ్యే సమస్య గాజు అనిమోన్. దీని శాస్త్రీయ నామం ఐప్టేసియా. తొట్టిలో ఒకటి కనిపించినప్పుడు "ఏదో సముద్రపు పువ్వులే" అని వదిలేస్తే, కొద్ది నెలల్లో గోడలు, గొట్టాలు, రాళ్లు అన్నీ నిండిపోతాయి. పొలంలో తుంగ ఎలాంటిదో ఉప్పునీటి తొట్టిలో ఇది అలాంటిది. పైన తెంపితే పోదు, ఇంకా పెరుగుతుంది.

ఎలా గుర్తించాలి?

• లేత గోధుమ రంగులో, గాజులా అటువైపు కనిపించేంత పలుచగా ఉంటుంది. సన్నని కాడ, దానిపై కొసలు సూదిగా ఉండే పొడవాటి మీసాలు ఉంటాయి.
• పుల్లతో తాకితే క్షణంలో ముడుచుకుని రాతి సందులోకి వెళ్లిపోతుంది.
• మీసాలు పొట్టిగా, కొసలు ఉబ్బి, ఆకుపచ్చ లేదా గులాబీ ఛాయలో ఉంటే అది మజానో అనే మరో రకం. దానికీ ఇవే పద్ధతులు వర్తిస్తాయి.
• క్లౌన్ చేపల కోసం మనం పెంచే పెద్ద అనిమోన్‌తో దీన్ని పొరబడవద్దు. అది వెడల్పుగా, కండపట్టి ఉంటుంది.

నష్టం ఏమిటి?

దీని మీసాల్లో దంశకణాలు ఉంటాయి. వాటితో పక్కనున్న మంచి అనిమోన్లను కుట్టి కుంగదీస్తుంది. గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన చేపపిల్లలను, వాటికి మేతగా వేసే ఆర్టీమియాను పట్టి తింటుంది. సన్న గొట్టాల్లో పెరిగి నీటి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. పిల్లలు పెంచే తొట్టిలో చేరిందంటే ఒక విడత దిగుబడికే ముప్పు.

ఎందుకు అంత త్వరగా పెరుగుతుంది?

ఇది రాతిపై జరిగేటప్పుడు పాదం నుంచి చిన్న ముక్కలు వదిలిపెడుతుంది. ఒక్కో ముక్క ఒక్కో కొత్త అనిమోన్ అవుతుంది. కత్తితో గీకినా, వేళ్లతో నలిపినా అదే జరుగుతుంది. పైగా దీని ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు వెలుతురుతో ఆహారం తయారు చేసి పెడుతుంది. అందుకే మేత ఆపి దీన్ని చంపలేం. కానీ మిగులు మేత దొరికితే మాత్రం రెట్టింపు వేగంతో పెరుగుతుంది.

నివారణ: పరిస్థితిని బట్టి పద్ధతి

1. ఖాళీ చేయగలిగే తొట్టి అయితే

పిల్లలను పెంచే తొట్లకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన, ఖర్చు తక్కువ పద్ధతి.

• చేపలను, మంచి అనిమోన్లను శుభ్రమైన వేరే తొట్టికి మార్చండి. పాత తొట్టిలోని రాళ్లు, స్పాంజి, గొట్టాలు, వలలు దాంతోపాటు తీసుకెళ్లవద్దు.
• 100 లీటర్ల నీటికి 70 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ (30 శాతం క్లోరిన్ ఉన్నది) కలిపి 24 గంటలు ఉంచండి. ఇది సుమారు 200 పీపీఎం క్లోరిన్‌తో సమానం. మూత తీసి చాలాకాలమైన పౌడర్‌లో బలం ఉండదు, కొత్తది వాడండి.
• నీరు తీసేసి, గోడలు రుద్ది, మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. క్లోరిన్ నీటిని చెరువు, కాలువల్లోకి వదలవద్దు.
• మళ్లీ నీరు నింపాక క్లోరిన్ లేదని పరీక్ష కిట్‌తో చూసుకున్న తర్వాతే చేపలను వదలండి.

2. ఖాళీ చేయలేని తొట్టిలో కొద్దిగా ఉంటే

తల్లిచేపల జతలున్న తొట్లను కదిలించడం కష్టం. అక్కడ ఒక్కోదానికి విడిగా మందు వేయాలి.

• శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని కొద్ది నీటితో దోసెపిండిలా కలపండి. గోడలకు వేసే సున్నం, తాంబూలం సున్నం, రాతి సున్నం వాడవద్దు.
• పంపు ఆపి, సూది లేని సిరంజితో నెమ్మదిగా దగ్గరకు వెళ్లి, అనిమోన్ నోటిపై అర మిల్లీలీటరు వేసి కప్పండి. మీసాలకు తగిలితే ముడుచుకుపోతుంది, తొందరపడవద్దు.
• 15–20 నిమిషాల తర్వాత పంపు వేయండి. మరునాడు మిగిలిన ముద్దను సైఫన్‌తో లాగేయండి.
• 100 లీటర్ల తొట్టిలో రోజుకు రెండు మూడింటికి మించి వేయవద్దు. సున్నం నీటి పీహెచ్‌ను పెంచుతుంది. సముద్రపు నీటిలో మామూలుగా 8.0–8.4 ఉంటుంది. 8.5 దాటితే ఆపి, కొంత నీరు మార్చండి.
• సందుల్లో ఉన్నవాటికి వెనిగర్ లేదా నిమ్మరసాన్ని సన్న సూదితో కాడలోకి ఎక్కించవచ్చు.
• పెంకుపై గుడ్లు ఉంటే అవి పొదిగే వరకు, అంటే సుమారు 8 రోజులు, ఆ చుట్టుపక్కల ఏ మందూ వేయవద్దు.

ఒకసారితో అయిపోదు. వారం వారం చూసి, కొత్తగా వచ్చినవాటికి చిన్నగా ఉండగానే మందు వేయాలి.

3. మిత్రజీవులు

పెప్పర్‌మింట్ రొయ్య చిన్న అనిమోన్లను తింటుంది, పెద్దవాటి జోలికి వెళ్లదు. మేత బాగా దొరికితే చిన్నవాటినీ వదిలేస్తుంది. బెర్గియా అనే సముద్రపు నత్త ఐప్టేసియాను మాత్రమే తింటుంది, అది అయిపోయాక ఆకలితో చనిపోతుంది. ఇవి అందంగా అమర్చిన పెద్ద తొట్లకు సరే కానీ, మన పెంపకం తొట్లకు ఖర్చు గిట్టదు. తెచ్చినా, వీటిని సముద్రంలో గానీ కాలువల్లో గానీ వదలకూడదు.

చేయకూడనివి

• నీటిలో ఉండగా గీకడం, పీకడం, నలపడం.
• మైలుతుత్తం వేయడం. రాగి మంచి అనిమోన్లను, రొయ్యలను చంపుతుంది. రాళ్లలోకి ఇంకి చాలాకాలం నిలిచిపోతుంది.
• పంటల పురుగుమందులు ఏ మోతాదులోనూ వాడవద్దు.
• రాళ్లను ఉడకబెట్టడం. వాటిపై ఉండే కొన్ని జీవుల విషం ఆవిరితో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణాల మీదకు తెస్తుంది.
• బ్లీచింగ్‌ను వెనిగర్‌తో గానీ, ఏ ఆమ్లంతో గానీ కలపడం. విషవాయువు వస్తుంది.

సున్నం, బ్లీచింగ్ పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

రాకుండా చూసుకోవడమే మేలు

• ఇది దాదాపు ఎప్పుడూ రాళ్లు, శంఖాలు, పాత సామానుతోనే వస్తుంది. కొత్తగా తెచ్చినదాన్ని 4–6 వారాలు వేరే తొట్టిలో వెలుతురులో ఉంచి, దాగినవి బయటపడతాయేమో చూడండి.
• క్లౌన్ చేపలకు రాళ్లు అక్కర్లేదు. మట్టి కుండ పెంకుపైనో, టైలుపైనో చక్కగా గుడ్లు పెడతాయి. వాటిని తీసి ఎండబెట్టడం కూడా సులువు.
• ప్రతి తొట్టికి వేరే వల, వేరే సైఫన్ గొట్టం ఉంచండి.
• రెండు మూడు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. అడుగున మిగిలింది రోజూ లాగేయండి.
• పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తీరంలో దొరికిన పగడపు రాయిని తెచ్చి తొట్టిలో పెడితే కేసు అవుతుంది. చేపలు, అనిమోన్లు హేచరీ నుంచి బిల్లుతో మాత్రమే కొనండి.

ఎన్ని ఉంటే ఏం చేయాలి? లెక్క సులువు. తొట్టిలో పది లోపు ఉంటే సున్నం పద్ధతితో మొదలుపెట్టండి. అంతకు మించితే, లేదా నెల రోజులు మందు వేసినా తగ్గకపోతే, ఆ విడత పిల్లలను అమ్మగానే తొట్టి ఖాళీ చేసి ఎండబెట్టండి. అనుమానం ఉంటే ముందుగా ఫోటో తీసి మీ దగ్గరి మత్స్యశాఖ కార్యాలయంలో చూపించి, సలహా తీసుకున్నాకే మందు వేయండి.